సద్దిమూట, బండల నేల

పొద్దున్నే మోత్కూరు బస్టాండులో కాసేపు నిలబడి చూడండి. ఊరికి పోయేవాళ్లలో మూడు రకాల వాళ్లు కనిపిస్తారు. కొందరు ఒట్టి చేతులతో బస్సెక్కుతారు. "అక్కడ మా చిన్నమ్మ ఇల్లుంది, వంటిల్లుంది. తిండికేం కొదువ?" అన్నది వాళ్ల ధీమా. కొందరు సద్ది కట్టుకుంటారు. అన్నం, పచ్చడి, ఉల్లిగడ్డ అన్నీ మూటలోనే ఉంటాయి. ఎక్కడ ఆకలేస్తే అక్కడ విప్పుకుంటారు. మరికొందరు పదిమంది కలిసి పెళ్లికి పోతుంటారు. వాళ్లు అన్నం గంప ఒకటి ఉమ్మడిగా పట్టుకుని, కూరలు మాత్రం ఎవరి గిన్నెలో వాళ్లు తెచ్చుకుంటారు.

ఇక ఊళ్లో కొత్తగా కట్టే ఇంటి దగ్గరికి వెళ్లండి. మేస్త్రి తాండూరు బండలు పరుస్తుంటాడు. ఒక బండ మీదికి మరో బండ ఎక్కదు. రెండు బండల నడుమ ఖాళీ మిగలదు. మూలకు బండ సరిపోకపోతే కోసి పెడతాడే గాని, నేలను వదిలెయ్యడు.

ఈ సద్దిమూటకూ, ఆ బండల నేలకూ కంప్యూటర్‌తో ఏమిటి సంబంధం అంటారా? కంప్యూటర్‌లోకి కొత్త ప్రోగ్రామ్ ఎలా వస్తుంది అన్నది సద్ది ప్రశ్న. వచ్చిన ప్రోగ్రాములు తెర మీద ఎలా సర్దుకుంటాయి అన్నది నేల ప్రశ్న. లినక్స్ వాడేవాళ్ల మధ్య ఈ రెండు ప్రశ్నల మీద ఏళ్ల తరబడి వాదం నడుస్తూనే ఉంది. ఆ వాదం ఏమిటో ఈ నెల తెలుసుకుందాం.

పాత యంత్రానికి కొత్త ప్రాణం

మోత్కూరులో తొమ్మిదో తరగతి చదివే అమ్మాయి ఒకరున్నారనుకుందాం. ఆమె ఇంట్లో పదేళ్లనాటి కంప్యూటర్ ఉంది. మెమరీ నాలుగు గిగాబైట్లు. అందులో ఉన్నది విండోస్ 10. 2025 అక్టోబర్ 14తో మైక్రోసాఫ్ట్ సంస్థ విండోస్ 10కి మామూలు మద్దతు ఆపేసింది. విండోస్ 11 వేసుకుందామంటే, అంత పాత యంత్రాలను అది చాలామటుకు ఒప్పుకోదు. అంటే యంత్రం పాడు కాలేదు, కాని పనికిరానిదయింది. అటువంటి యంత్రం పాత సామాన్ల వాడి తోపుడుబండి ఎక్కాల్సిందేనా?

అక్కరలేదు. దాని మీద లినక్స్ వేసుకోవచ్చు. రిచర్డ్ స్టాల్‌మన్ 1983లో ప్రకటించిన గ్నూ పథకమూ, లినస్ టోర్వాల్డ్స్ 1991లో విడుదల చేసిన లినక్స్ అనే కెర్నెలూ కలిసి ఈ వ్యవస్థ ఏర్పడింది. దీని మూలరాత, అంటే ప్రోగ్రామర్లు రాసిన అసలు పాఠం, అందరికీ తెరిచే ఉంటుంది. ఎవరైనా చదవవచ్చు, మార్చవచ్చు, పంచవచ్చు.

మన తెలుగువాళ్లూ ఈ పనిలో చెయ్యి వేశారు. హైదరాబాదులోని 'స్వేచ్ఛ' సంస్థ 2005లో తెలుగులో కనిపించే లినక్స్ తయారు చేసే పని మొదలుపెట్టింది. బడిపిల్లల కోసం 'బాల స్వేచ్ఛ' అనే ప్రోగ్రాముల సంపుటిని కూడా తెచ్చింది. భారత ప్రభుత్వ సంస్థ సీ-డాక్ 'బాస్' అనే లినక్స్‌ను రూపొందించింది.

సరే, మన అమ్మాయి లినక్స్ వేసుకుంది. ఇప్పుడు ఆమెకు ఒక బొమ్మలు గీసే ప్రోగ్రామ్ కావాలి. ఇక్కడే మొదటి చిక్కు వస్తుంది.

ప్రోగ్రామ్ ఒంటరిది కాదు

ఏ ప్రోగ్రామూ తన పని అంతా తానే చేసుకోదు. బొమ్మలు తెరవడానికి ఒకటి, శబ్దం వినిపించడానికి ఒకటి, అక్షరాలు దిద్దడానికి ఒకటి, ఇలా వేరేవాళ్లు రాసిపెట్టిన భాగాలను వాడుకుంటుంది. వీటిని లైబ్రరీలు అంటారు.

ఒక ఉదాహరణ చూడండి. 'స్త్రీ' అనే అక్షరం మీరు ఒక్క గీటులో చదివేస్తారు. కంప్యూటర్‌కు మాత్రం అది ఒక్కటి కాదు, ఆరు: స, హల్లు గుర్తు, త, మళ్లీ హల్లు గుర్తు, ర, ఈకారపు గుడి. ఈ ఆరింటినీ తీసుకుని, తకారాన్ని, రకారాన్ని వత్తులుగా మార్చి, గుడిని సకారం నెత్తిన పెట్టే పని ఒక లైబ్రరీది. లినక్స్‌లో ఈ పనిని ఎక్కువగా 'హార్ఫ్‌బజ్' అనే లైబ్రరీ చేస్తుంది. అది అందకపోతే మన తెలుగు, మూట విప్పిపోయి దారి పొడుగునా రాలిన గింజల్లా కనిపిస్తుంది. అక్షరాలన్నీ ఉంటాయి, పదం మాత్రం ఉండదు.

కాబట్టి ప్రోగ్రామ్ రావాలంటే దాని లైబ్రరీలు కూడా రావాలి. అవి ఎక్కడి నుంచి రావాలి? ఇదే అసలు ప్రశ్న.

చిన్నమ్మ వంటిల్లు

పాత పద్ధతి చిన్నమ్మ ఇంటి పద్ధతి. డెబియన్ అనే లినక్స్ కూర్పును ఇయాన్ మర్డాక్ 1993లో మొదలుపెట్టాడు. డెబియన్ వాళ్లు వేల ప్రోగ్రాములనూ, లైబ్రరీలనూ ఒక్క చోట చేర్చి, ఒకదానితో ఒకటి పొసిగేలా సరిచూసి పెడతారు. 'డెబ్' పొట్లాలలో అవి మీకు అందుతాయి. రెడ్ హాట్ వర్గం వాళ్లవి 'ఆర్‌పీఎం' పొట్లాలు. మీరు ఒక ప్రోగ్రామ్ అడిగితే, దానికి ఏయే లైబ్రరీలు కావాలో యంత్రమే చూసి, లేనివి మాత్రమే తెచ్చుకుంటుంది. ఒక్క హార్ఫ్‌బజ్‌ను పాతిక ప్రోగ్రాములు పంచుకుంటాయి. అందుకే ఈ పద్ధతిలో జాగా తక్కువ పడుతుంది, ఇంటర్నెట్ ఖర్చూ తక్కువే.

మరి ఇబ్బంది ఏమిటి? చిన్నమ్మ వండిందే తినాలి. డెబియన్ స్థిర కూర్పు రెండేళ్లకొకసారి వస్తుంది. మధ్యలో మీ బొమ్మల ప్రోగ్రామ్‌కు కొత్త అవతారం వచ్చినా, మీకు సాధారణంగా పాతదే అందుతుంది. పైగా ప్రోగ్రామ్ రాసినవాడికి ఇంకో తలనొప్పి. డెబియన్‌కు ఒక పొట్లం, ఫెడోరాకు ఒకటి, ఆర్చ్‌కు ఒకటి కట్టాలి. ఒక ఇంటి వంట ఇంకో ఇంట్లో పనికిరాదు.

ఈ చిక్కు తీర్చడానికే మూటలు వచ్చాయి.

మూడు రకాల మూటలు

మొదటిది ఆప్‌ఇమేజ్. ఇది అచ్చమైన సద్దిమూట. సైమన్ పీటర్ 2004లో 'క్లిక్' అనే పేరుతో మొదలుపెట్టిన ప్రయత్నమే తర్వాత ఆప్‌ఇమేజ్ అయింది. ప్రోగ్రామూ, దానికి కావలసిన లైబ్రరీలూ అన్నీ ఒకే ఒక్క ఫైలులో ఉంటాయి. ఇన్‌స్టాల్ చెయ్యడమంటూ లేదు. ఆ ఫైలుకు నడిచే అనుమతి ఇచ్చి నొక్కితే చాలు. వద్దనుకుంటే ఫైలు తుడిచేస్తే సరి. పెన్‌డ్రైవ్‌లో వేసుకుని స్నేహితురాలి ఇంటికి తీసుకుపోవచ్చు. ఇంటర్నెట్ నిదానంగా ఉండే చోట ఇది చిన్న సౌకర్యం కాదు.

అయితే సద్ది తెచ్చుకున్నవాడు కూడా నీళ్లు మాత్రం ఆ ఊరి బావిలోనే తాగుతాడు కదా! ఆప్‌ఇమేజ్ కూడా అంతే. 'జీ-లిబ్‌సీ' వంటి కొన్ని మూల లైబ్రరీలు యంత్రంలో ముందే ఉంటాయని నమ్ముకుని వస్తుంది. 2022లో వచ్చిన ఉబుంటు 22.04లో ఒక పాత లైబ్రరీ ముందుగా పెట్టకపోయేసరికి, చాలా ఆప్‌ఇమేజ్‌లు తెరుచుకోలేదు. ఆ లైబ్రరీని విడిగా తెచ్చుకోవాల్సి వచ్చింది.

రెండోది ఫ్లాట్‌పాక్. ఇది పెళ్లివారి అన్నం గంప. దీన్ని అలెగ్జాండర్ లార్సన్ మొదలుపెట్టాడు. 2016లో ఈ పేరు స్థిరపడింది. 1.0 కూర్పు 2018లో వచ్చింది. చాలా ప్రోగ్రాములకు కావలసిన ఉమ్మడి లైబ్రరీలన్నీ కలిపి 'రన్‌టైమ్' అనే గంపగా కడతారు. మొదటి ప్రోగ్రామ్‌తో పాటు గంప దిగుతుంది. అదే గంప చాలే ఇంకో ప్రోగ్రామ్ వస్తే, దాని కూరగిన్నె మాత్రమే దిగుతుంది. ఫ్లాట్‌హబ్ అనేది వీటికి పెద్ద అంగడి. కాని అది ఒక్కటే కాదు, ఎవరైనా తమ అంగడి తెరుచుకోవచ్చు.

ఫ్లాట్‌పాక్ ప్రోగ్రామ్ చుట్టూ ఒక కంచె కడుతుంది. దీన్ని శాండ్‌బాక్స్ అంటారు. లోపలి ప్రోగ్రామ్‌కు మీ ఫైళ్లన్నీ కనబడవు. ఏదైనా ఫైలు కావాలంటే 'పోర్టల్' అనే గుమ్మం దగ్గర నిలబడి అడగాలి. మీరు ఏది చేతికిస్తే అదే పుచ్చుకోవాలి. అన్నట్టు, మన తెలుగు అక్షరాల ఫాంట్లు బయట ఉన్నవే కంచె లోపలికి చూపిస్తారు. కనుక మూటమూటకూ ఫాంట్లు మొయ్యనక్కరలేదు.

మూడోది స్నాప్. ఇది ఒకే హోటలు పంపే, మూత బిగించిన క్యారియర్. ఉబుంటును తయారుచేసే కెనానికల్ సంస్థది ఇది. 2016లో ఉబుంటు 16.04తో జనంలోకి వచ్చింది. డెస్క్‌టాప్ ప్రోగ్రాములకే కాక సర్వర్లకూ, చిన్న చిన్న యంత్రాలకూ పనికివస్తుంది. దీనికీ కంచె ఉంది. కొత్త కూర్పు వచ్చిందేమోనని రోజుకు నాలుగు సార్లు తనంతట తానే చూసుకుంటుంది. మతిమరుపు మనుషులకు ఇది మేలు. కాని ఇంటర్నెట్‌ను లెక్కగా వాడుకునే ఇంటికి ఇబ్బంది. మొదట్లో ఈ నవీకరణలను శాశ్వతంగా ఆపే వీలు లేదు. ఇప్పుడు ఆపుకోవచ్చు. స్నాప్‌ల అంగడిని నడిపే సర్వర్ మూలరాత మాత్రం తెరిచి లేదు. అంగడి కూడా కెనానికల్ చేతిలోనే ఉంది. "వంటవాళ్లు వేలమంది, వడ్డించే గరిటె ఒక్కరి చేతిలోనా?" అన్నది కొందరి అభ్యంతరం. ఆ కారణంతోనే లినక్స్ మింట్ వాళ్లు 2020లో తమ కూర్పులో స్నాప్ దానంతటదే చొరబడకుండా గడియ పెట్టారు.

లెక్క వేసి చూద్దాం

జాగా సంగతి బీజగణితంతో తేల్చవచ్చు. లెక్క కోసం కొన్ని అంకెలు అనుకుందాం. ఒక్కో ఆప్‌ఇమేజ్ 120 మెగాబైట్లు. ఫ్లాట్‌పాక్‌లో ఉమ్మడి గంప 400, ఒక్కో ప్రోగ్రామ్ 50 మెగాబైట్లు. ప్రోగ్రాముల సంఖ్య 'న' అయితే, ఆప్‌ఇమేజ్‌లకు పట్టే జాగా 120న. ఫ్లాట్‌పాక్‌కు పట్టేది 400 + 50న.

మూడు ప్రోగ్రాములైతే ఆప్‌ఇమేజ్‌కు 360, ఫ్లాట్‌పాక్‌కు 550. ఆప్‌ఇమేజే నయం. పది ప్రోగ్రాములైతే ఆప్‌ఇమేజ్‌కు 1200, ఫ్లాట్‌పాక్‌కు 900. ఇప్పుడు ఫ్లాట్‌పాక్ నయం. ఎక్కడ తిరగబడింది? 120న = 400 + 50న అని రాస్తే, న విలువ 5.7 వస్తుంది. అంటే ఆరో ప్రోగ్రామ్ దగ్గర. ఒకరిద్దరు పోయేటప్పుడు సద్దిమూటే సులువు, పదిమంది పోయేటప్పుడు గంపే సులువు అని మన పెద్దవాళ్లు లెక్క రాయకుండానే తేల్చిన సంగతి ఇదే. అయితే ఒక్కో ప్రోగ్రామ్ ఒక్కో రకం గంప కోరితే ఈ లాభం కరిగిపోతుందని కూడా గుర్తుంచుకోవాలి.

మూటలో పచ్చడి చెడితే?

జాగా కన్నా పెద్ద ప్రశ్న ఇంకొకటి ఉంది. 2023 సెప్టెంబర్‌లో 'లిబ్‌వెబ్‌పీ' అనే బొమ్మల లైబ్రరీలో ప్రమాదకరమైన లోపం బయటపడింది. దొంగ బొమ్మ ఒకటి తయారుచేసి పంపి, దాని ద్వారా యంత్రంలో చొరబడే వీలుంది. చిన్నమ్మ వంటింటి పద్ధతిలో ఆ లైబ్రరీ ఒక్కచోట ఉంటుంది. దాన్ని మారిస్తే, దాన్ని పంచుకునే ప్రోగ్రాములన్నీ బాగుపడ్డట్టే. కాని తమ ప్రతిని తాము కట్టుకొచ్చిన ప్రోగ్రాముల మాటేమిటి? ప్రతి మూటనూ విప్పి, చెడ్డ పచ్చడి తీసి, మళ్లీ కట్టాలి. ఏ మూటలో ఉందో వెతకడమే ఒక పని. కట్టినవాడు మూటను మరిచిపోతే ఆ లోపం అలాగే ఉండిపోతుంది.

అంగడి పెద్దదైనంత మాత్రాన నిశ్చింత లేదు. 2018 మే నెలలో స్నాప్ అంగడిలో '2048బంటు' అనే అంకెల ఆట దొరికింది. ఆడుకోవడానికి బాగానే ఉంది. కాని లోపల దాక్కున్న ఇంకో ప్రోగ్రామ్, ఆడేవాళ్ల యంత్రాన్ని వాడుకుని ఎవరికో డిజిటల్ నాణేలు తవ్విపెడుతోంది. అది బయటపడగానే ఆటను తీసేశారు. కాబట్టి మూట ఏ రకందో చూస్తే చాలదు, కట్టినదెవరో కూడా చూడాలి.

బండల నేల

ఇక రెండో ప్రశ్నకు వద్దాం. తెర మీద ఒక్కో ప్రోగ్రామ్ ఒక్కో విండోలో, అంటే కిటికీలో కనిపిస్తుంది. మామూలుగా ఈ కిటికీలు బల్ల మీద పారేసిన కాగితాల్లా ఒకదాని మీద ఒకటి పడి ఉంటాయి. కిందిది కావాలంటే పైది జరపాలి. అలా కాక, బండలు పరిచినట్టు ఒకదాని పక్కన ఒకటి అమర్చడాన్ని టైలింగ్ అంటారు. ఇది నిన్న పుట్టిన ఆలోచన కాదు. 1985 నవంబర్‌లో వచ్చిన మొట్టమొదటి విండోస్‌లో కిటికీలు పక్కపక్కనే ఉండేవి. 1987 నాటి రెండో కూర్పులోనే అవి ఒకదాని మీద ఒకటి ఎక్కాయి.

లినక్స్‌లో ఈ మేస్త్రి పని చేసే ప్రోగ్రాములు చాలా ఉన్నాయి. 2006లో వచ్చిన 'డీడబ్ల్యూఎం' అందులో పొదుపరి. తన మూలరాత రెండు వేల పంక్తులు దాటకూడదని దాన్ని రాసినవాళ్లు నియమం పెట్టుకున్నారు. తెరలో ఎడమ పక్క ముఖ్యమైన పెద్ద కిటికీ, కుడి పక్క మిగిలినవన్నీ వరసగా పేరుస్తుంది. దాని తీరు మార్చాలంటే మూలరాతనే దిద్ది, మళ్లీ ప్రోగ్రామ్‌గా మార్చుకోవాలి. మైకేల్ స్టాపెల్‌బెర్గ్ 2009లో మొదలుపెట్టిన 'ఐ3'లో, కొత్త కిటికీ పక్కకు రావాలో కిందికి రావాలో మీరే చెబుతారు. అది ఆ అమరికను కొమ్మలు చీలే చెట్టులా గుర్తుంచుకుంటుంది. 'బీఎస్‌పీడబ్ల్యూఎం' ప్రతిసారీ ఉన్న జాగాను రెండుగా చీలుస్తుంది.

ఈ చీలికలో చక్కని గణితం ఉంది. పాత లాప్‌టాప్ తెర చాలావరకు 1366 × 768 చుక్కలు. మొత్తం 10,49,088 చుక్కలు. రెండు కిటికీలైతే సగం సగం. రెండోదాన్ని చీలిస్తే పావు పావు. అలా చివరిదాన్నే చీలుస్తూ పోతే అయిదు కిటికీలకు సగం, పావు, ఎనిమిదో వంతు, పదహారో వంతు, మళ్లీ పదహారో వంతు. అన్నీ కలిపితే సరిగ్గా ఒకటి! నేలలో ఒక్క చుక్కా వృథా పోలేదు. కాని అయిదో కిటికీ ఎంతుంది? సుమారు 341 × 192. ఒక్కో పంక్తికి 20 చుక్కల ఎత్తు అనుకుంటే తొమ్మిది పంక్తులే పడతాయి. బండల పద్ధతికి హద్దు ఇక్కడ కనిపిస్తుంది. అందుకే ఈ మేస్త్రులన్నీ ఒకే తెరకు పది గదులున్నట్టు, వేరువేరు నేలలు ఇస్తాయి. ఒక గదిలో పాఠం, ఒక గదిలో పాట.

లాభం ఏమిటంటే, చెయ్యి మౌస్ మీదికి పోనక్కరలేదు. అన్నీ మీటలతోనే జరుగుతాయి. మెమరీ కూడా కొన్ని పదుల మెగాబైట్లు చాలు. నాలుగు గిగాబైట్ల యంత్రానికి ఇది వరమే. నష్టం ఏమిటంటే, మీటలన్నీ గుర్తుండాలి. మొదటి వారం విసుగు పుడుతుంది. అంత కష్టం వద్దనుకునేవాళ్లకు మధ్యేమార్గం ఉంది. కేడీఈ ప్లాస్మా డెస్క్‌టాప్‌లో 2023లో వచ్చిన 5.27 కూర్పు నుంచి, మామూలు కిటికీలతో పాటు బండల అమరిక కూడా దొరుకుతోంది.

మేస్త్రికీ మూటకూ పొత్తు

ఈ రెండు ప్రశ్నలూ వేరువేరని అనిపిస్తుంది గాని, ఒకచోట కలుస్తాయి. 1984లో పుట్టిన 'ఎక్స్' అనే పాత తెర వ్యవస్థలో, ఒక కిటికీలో మీరు కొట్టే అక్షరాలను ఇంకో కిటికీలోని ప్రోగ్రామ్ వినగలదు. ఎంత గట్టి కంచె కట్టినా, గోడకు చెవులున్నట్టే. ఐ3 ఈ పాత వ్యవస్థ మీదే నడుస్తుంది. 2008లో మొదలైన 'వేలాండ్' అనే కొత్త వ్యవస్థలో ఆ చెవులు మూశారు. ఐ3 లాగే పనిచేస్తూ వేలాండ్ మీద నడిచే మేస్త్రి 'స్వే'. దాని 1.0 కూర్పు 2019లో వచ్చింది. కనుక ఫ్లాట్‌పాక్ కంచె పూర్తిగా పనిచెయ్యాలంటే, కింద నేల కూడా దానికి తగినదై ఉండాలి.

మరి మన అమ్మాయి ఏం ఎంచుకోవాలి? రోజూ వాడే వాటికి తన లినక్స్ కూర్పు ఇచ్చే పొట్లాలే మేలు. కొత్త కూర్పు తప్పనిసరైతే, జాగా ఉంటే, ఫ్లాట్‌పాక్. ఒక్కసారి వాడి చూడాలనుకున్నదానికి, తయారుచేసిన వాళ్ల దగ్గర నుంచే తెచ్చిన ఆప్‌ఇమేజ్. ఉబుంటు వాడుతూ, దానంతటదే సర్దుకోవాలనుకుంటే స్నాప్. నేల సంగతి, రెండు మూడు కిటికీలతో రాతపని చేసేవాళ్లకు బండలు బాగుంటాయి. బొమ్మలు గీసేవాళ్లకు పెద్ద కిటికీ ఒక్కటే చాలు. అన్నిటికీ ఒకే మందు లేదు.

అర సెకను

చివరగా ఒక నిజమైన కథ. చిన్నమ్మ వంటింటికి కూడా ఒకసారి ప్రమాదం వచ్చింది. 'ఎక్స్‌జెడ్' అనే, ఫైళ్లను కుదించే పరికరంలో ఎవరో నమ్మకంగా చేరి, రహస్య ద్వారం ఒకటి పెట్టారు. అది డెబియన్ వాళ్ల పరీక్షా కూర్పుల దాకా వచ్చేసింది. 2024 మార్చిలో ఆండ్రెస్ ఫ్రాయిండ్ అనే ఇంజనీరు, తన యంత్రంలోకి దూరం నుంచి ప్రవేశించడానికి మామూలు కన్నా సుమారు అర సెకను ఎక్కువ పడుతోందని గమనించాడు. "ఏదోలే" అని ఊరుకోలేదు. ఎందుకు అని తవ్వాడు. తవ్వితే రహస్య ద్వారం బయటపడింది. మార్చి 29న లోకానికి చెప్పాడు. కోట్ల యంత్రాలకు చేరకముందే అది ఆగిపోయింది.

మూలరాత తెరిచి ఉండటం వల్ల మోసం జరగదని కాదు. జరిగితే, చూడగలిగినవాడు చూసేందుకు తలుపు తెరిచి ఉంటుంది. కాని ఆ తలుపులోకి తొంగిచూసే కళ్లు కావాలి. సద్దిమూట ముడి విప్పి వాసన చూసే అలవాటు ఉండాలి. అర సెకనును కూడా లెక్కలోకి తీసుకునే ఆ కళ్లు రేపు మోత్కూరు నుంచి ఎందుకు రాకూడదు?

చేసి చూడండి

ఒక పాత కేలండర్ కాగితం తీసుకోండి. దాన్ని సగానికి కత్తిరించి ఒక ముక్క పక్కన పెట్టండి. మిగిలినదాన్ని మళ్లీ సగం చెయ్యండి. ఇలా ఏడు ముక్కలయ్యేదాకా చెయ్యండి. అన్నిటికన్నా చిన్న ముక్క మొత్తంలో ఎన్నో వంతు? ముక్కలు 'న' అయితే చివరి ముక్క ఎంత? ఇప్పుడు అన్ని ముక్కలనూ, ఒకదాని మీద ఒకటి ఎక్కకుండా, ఖాళీ మిగలకుండా మళ్లీ నేల మీద పరచండి. ఎన్ని రకాలుగా పరచగలరో లెక్కపెట్టి, మీ లెక్కల మాస్టారికి చూపించండి.